కమ్యూనికేషన్ శాఖల్లో అధ్యాపక నైపుణ్యం: తెలుగునేల అనుభవంపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

విశ్వవిద్యాలయ కమ్యూనికేషన్ శాఖల్లో అధ్యాపకుల పేర్ల పక్కన వారి ప్రత్యేక అధ్యయనరంగాలను పేర్కొనడం ఆనవాయితీ. అభివృద్ధి కమ్యూనికేషన్, మాధ్యమాల రాజకీయార్థికశాస్త్రం, సినిమా అధ్యయనాలు, సమాజ మాధ్యమాలు, డిజిటల్ సంస్కృతి వంటి పేర్లు ఆ పట్టికల్లో కనిపిస్తాయి. వాటిని ఒక పాఠంగా చదివి, అవి దేనిని నైపుణ్యంగా గుర్తిస్తున్నాయో, దేనిని గుర్తించలేకపోతున్నాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉస్మానియా విశ్వవిద్యాలయ జర్నలిజం శాఖ, హైదరాబాదు విశ్వవిద్యాలయ కమ్యూనికేషన్ శాఖ, జహీరాబాద్ ప్రాంతపు సంఘం రేడియో అనుభవాలు ఇందులో ప్రధానాధారాలు. తెలుగునేలపై వృత్తి నైపుణ్యం, శాస్త్ర నైపుణ్యం, సామాజిక నైపుణ్యం వేర్వేరు చోట్ల పెరిగాయనీ, వాటిని కలపగలిగిన తెలుగు భాష నైపుణ్య పట్టికలో ఒక అర్హతగా లెక్కకు రావడం లేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కమ్యూనికేషన్ శాఖ, అధ్యాపక నైపుణ్యం, సంఘం రేడియో, పరిభాష, పత్రికారచన, ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్.

1. ఉపోద్ఘాతం

ఒక శాఖ స్వరూపాన్ని తెలుసుకోగోరే పరిశోధకుడు ముందుగా చూసేది అధ్యాపకుల జాబితాను. ఎవరి పర్యవేక్షణలో చేరాలి, ఏ అంశాన్ని ఎంచుకోవాలి అన్న నిర్ణయాలు చాలావరకు ఆ జాబితాలోని ప్రత్యేకాధ్యయన వివరాల మీదే ఆధారపడతాయి. శాఖ దేనిని విజ్ఞానంగా అంగీకరిస్తుందో చెప్పే ప్రకటనగా కూడా ఆ జాబితా పనిచేస్తుంది. అందులో పేరు దొరకని విషయం మీద పరిశోధన చేయదలచిన విద్యార్థికి పర్యవేక్షకుడు దొరకడు. పర్యవేక్షకుడు లేనందువల్ల సిద్ధాంతగ్రంథం రాదు. సిద్ధాంతగ్రంథం లేనందువల్ల మరో తరానికి ఆ విషయంలో అధ్యాపకుడు తయారుకాడు. నైపుణ్య పట్టిక ఈ విధంగా తనను తాను పునరుత్పత్తి చేసుకుంటుంది.

తెలుగుశాఖల్లో ఈ పరిస్థితి కొంత భిన్నం. అక్కడ ప్రాచీన సాహిత్యం, ఆధునిక సాహిత్యం, భాషాశాస్త్రం, జానపద విజ్ఞానం అన్న విభజన వెనుక ఆయా రంగాల్లో తెలుగులోనే వెలువడిన విమర్శ సంప్రదాయం ఉంది. కమ్యూనికేషన్ శాఖల విభజనకు అటువంటి దేశీయ చరిత్ర లేదు. ఆ శాస్త్రం పరదేశంలో రూపుదిద్దుకొని, పేర్లతో సహా ఇక్కడికి చేరింది. రావడం దోషం కాదు. వచ్చిన తరువాత ఇక్కడి వాడుకతో, ఇక్కడి పత్రికారంగంతో, ఇక్కడి ప్రజలతో ఏ మేరకు సంబంధం ఏర్పరచుకుంది అన్నదే విమర్శకు విషయం.

2. శాస్త్రం పుట్టుక: ఇతర శాస్త్రాల నుంచి వచ్చిన ఆచార్యులు

కమ్యూనికేషన్ శాస్త్రానికి ఆద్యులుగా అమెరికాలో నలుగురి పేర్లు చెప్పుకోవడం పరిపాటి. హెరాల్డ్ లాస్‌వెల్ రాజనీతిశాస్త్రవేత్త. పాల్ లాజర్స్‌ఫెల్డ్ సామాజిక శాస్త్రవేత్త. కర్ట్ లెవిన్, కార్ల్ హావ్‌లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్తలు. ఈ నలుగురిలో ఎవరూ కమ్యూనికేషన్‌లో పట్టా పొందినవారు కారు. ఆ శాస్త్రానికి విశ్వవిద్యాలయంలో స్థిరమైన చోటు కల్పించిన విల్బర్ ష్రామ్ అయితే సాహిత్యం నుంచి వచ్చినవాడు. ఆంగ్ల సాహిత్యంలో డాక్టరేటు పొంది, అయోవా రచయితల కార్యశాలకు తొలి సంచాలకుడిగా పనిచేసి, 1943లో అక్కడి జర్నలిజం పాఠశాల బాధ్యతలు చేపట్టాడు. 1947లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ పరిశోధన సంస్థను నెలకొల్పాడు. ఆ తరువాత స్టాన్‌ఫర్డ్‌కు వెళ్ళాడు.

ఈ చరిత్ర సాహిత్య పరిశోధకులకు ఆసక్తి కలిగించవలసినది. కమ్యూనికేషన్ శాఖ మొదటి నుంచీ ఇతర శాస్త్రాల వారికి తలుపులు తెరిచిన కూడలి. ష్రామ్ స్వయంగా దానిని అనేకులు దాటిపోయే, కొద్దిమంది మాత్రమే ఆగే కూడలిగా వర్ణించాడు. అయితే ఒకసారి శాఖ ఏర్పడి, పట్టాలు ఇవ్వడం మొదలైన తరువాత ఆ తలుపులు మూసుకోవడం మొదలైంది. కమ్యూనికేషన్‌లో పట్టా ఉన్నవారే కమ్యూనికేషన్ బోధించాలన్న నియమం స్థిరపడింది. ఆ నియమం ప్రకారం ఆ శాస్త్ర సంస్థాపకులకే అందులో ఉద్యోగం దొరకదు.

3. ఉస్మానియా, 1954: వృత్తి నైపుణ్యం

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ 1954లో ఏర్పడింది. దాని స్థాపనలో అమెరికన్ ఆచార్యుడు డి ఫారెస్ట్ ఓడెల్ ప్రధానపాత్ర వహించాడు. అమెరికాలో పాత్రికేయ విద్య చరిత్రపై 1935లోనే గ్రంథం వెలువరించిన పండితుడాయన. వార్తారచన, సంపాదకత్వం, పత్రికా చట్టాల వంటి వృత్తి విషయాలు ప్రధానంగా గల అమెరికన్ నమూనా అప్పట్లో భారతీయ విశ్వవిద్యాలయాలకు ఆదర్శంగా ఉండేది. అధ్యాపకుని నైపుణ్యం అంటే వార్తాపత్రిక పని తెలిసి ఉండటమన్న అవగాహన ఆ నమూనాకు మూలం.

ఈ సందర్భంలో గుర్తుంచుకోవలసిన మరో చరిత్ర ఉంది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నతవిద్యను ఆంగ్లంలో కాక ఉర్దూలో బోధించిన సంస్థ. అందుకోసం 1917లో ఏర్పడిన అనువాద విభాగం 'దారుత్తర్జుమా' వైద్యం, న్యాయం, విజ్ఞానశాస్త్రాల గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. అందుకు అవసరమైన పరిభాషను పండితుల సంఘాలు కూర్చున్నాయి. ఆ విధానంలో తెలుగు, మరాఠీ, కన్నడ భాషలకు న్యాయం జరగలేదన్న ఫిర్యాదు సమంజసమైనదే. అయినా భారతీయ భాషలో శాస్త్ర పరిభాష నిర్మించడం విశ్వవిద్యాలయం బాధ్యత అన్న సూత్రం అక్కడ అమలైంది. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత ఉస్మానియా బోధన ఆంగ్లానికి మారింది. ఆ మార్పు జరిగిన కొద్ది సంవత్సరాలకే జర్నలిజం శాఖ ఏర్పడింది. భాషతోనే పనిచేసే ఈ శాస్త్రం, భాష గురించిన ఒక పెద్ద ప్రయత్నం ముగిసిన చోట మొదలైంది. ఉర్దూ స్థానంలో తెలుగు రాలేదు, ఆంగ్లం వచ్చింది. చుట్టూ ఉన్న నగరంలో ఉర్దూ, తెలుగు పత్రికలు నడుస్తున్నా పాఠ్యగ్రంథాల భాష వేరైంది.

4. శాఖ వెలుపలి విద్వత్తు

శాఖ పుట్టడానికి ఏడాది ముందు, 1953లో సురవరం ప్రతాపరెడ్డి మరణించారు. 1926లో ఆయన ప్రారంభించిన గోలకొండ పత్రిక తెలంగాణ పత్రికారంగానికి పునాది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు సమాధానంగా 354 మంది కవులతో 1934లో ఆయన గోలకొండ కవుల సంచిక వెలువరించారు. మాధ్యమ పరిశోధన దృష్టితో చూస్తే ఇది ఒక అపూర్వమైన పని. ఒక ప్రాంతపు రచయితలను పత్రిక ద్వారా అన్వేషించి, నమోదు చేసి, ఒక వాదానికి సాక్ష్యంగా నిలబెట్టడం అందులో ఉంది. ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. సంపాదకత్వమూ పరిశోధనా ఆయనలో విడివిడి వ్యాపకాలు కావు.

సురవరం కృషిని సాహిత్య చరిత్రకారులు, తెలంగాణ చరిత్రకారులు చదివారు. కమ్యూనికేషన్ పాఠ్యప్రణాళికల్లో ఆయన సాధారణంగా పత్రికా చరిత్ర పాఠంలో ఒక పేరుగా, ఒక సంవత్సరంగా మిగులుతారు. పాఠక సమూహం ఎలా ఏర్పడుతుంది, పత్రిక ఒక ప్రాంతానికి స్వీయస్పృహను ఎలా కలిగిస్తుంది అన్న సిద్ధాంత ప్రశ్నలకు ఆయన కృషి ఆధారం కాగలదన్న గుర్తింపు అరుదు. ఆ ప్రశ్నలు వచ్చినప్పుడు పాశ్చాత్య సిద్ధాంతకర్తల పేర్లు వస్తాయి. తెలుగు సంపాదకుడు ఉదాహరణగా నిలుస్తాడే తప్ప ఆలోచనాపరుడిగా నిలవడు.

రెండవ ఉదాహరణ బూదరాజు రాధాకృష్ణ. వ్యావహారిక భాషావికాస చరిత్రను రాసిన భాషాశాస్త్రవేత్త ఆయన. ఈనాడు పాత్రికేయ పాఠశాల ప్రధానాచార్యుడిగా ఎందరో పాత్రికేయులకు వాక్యం రాయడం నేర్పారు. ఆధునిక వ్యవహారకోశాన్ని కూర్చారు. కొత్త ఆంగ్ల పదానికి తెలుగు మాట ఏది, ఏ అనువాదం తెలుగు వాక్యాన్ని వంకర చేస్తుంది, ఏ కృత్రిమ సంస్కృతపదం పాఠకుణ్ణి దూరం చేస్తుంది అన్న ప్రశ్నలను ఆయన రోజువారీ పని నుంచి తీసుకొని శాస్త్రీయంగా చర్చించారు. మాధ్యమ భాషాధ్యయనం అన్న పేరు దీనికి పూర్తిగా తగుతుంది. అయినా ఈ విద్వత్తు ప్రధానంగా పత్రికాసంస్థ నడిపిన పాఠశాలలో వర్ధిల్లింది. తెలుగుశాఖలు దానిని భాషాశాస్త్రంగా స్వీకరించాయి. కమ్యూనికేషన్ శాఖలు దానిని వార్తారచన శిక్షణగా భావించి పక్కన పెట్టాయి. ఫలితంగా పత్రికాభాషపై తెలుగుశాఖల్లో జరిగే పరిశోధనకు మాధ్యమ సంస్థల నిర్మాణంతో పరిచయం తక్కువ. మాధ్యమ సంస్థలపై కమ్యూనికేషన్ శాఖల్లో జరిగే పరిశోధనకు తెలుగు వాక్యంతో పరిచయం తక్కువ.

5. హైదరాబాదు విశ్వవిద్యాలయం: శాస్త్రం నుంచి సమాజానికి

సరోజినీ నాయుడు పేరుతో రంగస్థల, లలితకళలను, కమ్యూనికేషన్‌ను కలిపి హైదరాబాదు విశ్వవిద్యాలయం 1988లో ఒక పాఠశాలను ప్రారంభించింది. అప్పటి ఉపాధ్యక్షుడు భద్రిరాజు కృష్ణమూర్తి. వ్యవసాయ వృత్తి పదాలను ఊరూరా సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాన్ని సంపాదకుడిగా వెలువరించిన భాషాశాస్త్రవేత్త ఆయనే. రైతు మాటను శాస్త్రాధారంగా స్వీకరించిన పండితుని హయాంలో ఈ పాఠశాల మొదలుకావడం గమనార్హం. నాటకం, నృత్యం, చిత్రకళల పక్కన కమ్యూనికేషన్‌ను నిలపడంలోనే వృత్తి శిక్షణకు భిన్నమైన దృక్పథం ఉంది.

ఈ శాఖకు అంతర్జాతీయ గుర్తింపు తెచ్చిన నైపుణ్యం సమాజ మాధ్యమాల అధ్యయనం. వినోద్ పావరాల, కాంచన్ మలిక్ కలిసి రాసిన 'అదర్ వాయిసెస్' 2007లో వెలువడింది. భారతదేశంలో సమాజ రేడియో కోసం జరిగిన పోరాటం దాని విషయం. జహీరాబాద్ ప్రాంతపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, కచ్ మహిళా వికాస్ సంఘటన్, కర్ణాటకలోని బూదికోటె, జార్ఖండ్‌లోని పలామూ ప్రాంత ప్రయోగాలు అందులో చర్చకు వచ్చాయి. 2011లో ఈ విశ్వవిద్యాలయంలో సమాజ మాధ్యమాలపై యునెస్కో పీఠం ఏర్పడింది. అదే కాలంలో 'బోల్ హైదరాబాద్' పేరుతో ప్రాంగణ రేడియో కూడా ప్రారంభమైంది.

ఈ నైపుణ్యం గ్రంథాలయంలో పుట్టినది కాదు. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. ఆ ధర్మాసనంలో తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. 2000లో పస్తాపూర్ పేరుతో సమాజ రేడియోపై ఒక ప్రకటన వెలువడింది. 2002 చివరలో విద్యాసంస్థలకు మాత్రమే రేడియో అనుమతి దక్కింది. 2006 నవంబరులో ఆ అవకాశం స్వచ్ఛంద సంస్థలకూ విస్తరించింది. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. ఈ పదమూడేళ్ళ ప్రయాణంలో న్యాయస్థానం, ఉద్యమ సంస్థలు, విశ్వవిద్యాలయ పరిశోధకులు, గ్రామీణ మహిళలు అందరూ భాగస్వాములు. అధ్యాపక నైపుణ్యం ఒక ప్రజా విధానాన్ని ప్రభావితం చేసిన సందర్భంగా దీనిని గౌరవించాలి.

6. మాచునూరు పరిభాష

సంఘం రేడియోను నడిపినవారు దళిత మహిళలు. చిరుధాన్యాలు, విత్తనాలు, పండుగలు, ఆరోగ్యం, పాటలు, ఊరి ముచ్చట్లు వారి కార్యక్రమాలకు వస్తువులు. వారి భాష అక్కడి తెలంగాణ మాండలికం. రేడియో కంటే ముందే ఆ సంఘాల మహిళలు వీడియో చిత్రీకరణ నేర్చుకున్నారు. వారిలో అధికులకు అక్షరజ్ఞానం లేదు. కెమెరా కోణాలకు పాఠ్యగ్రంథాల్లో ఉన్న ఆంగ్లనామాలు వారికి పనికిరాలేదు. వారు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే కోణం 'పటేల్ షాట్'. భూస్వామి ఎత్తున ఉండి కూలివారిని చూసే చూపు అది. కింది నుంచి పైకి చూసే కోణం బానిస చూపు. కంటికి సమానంగా నిలిచే కోణం 'సంఘం షాట్'. సంఘంలో అందరూ నేలమీద సమానంగా కూర్చుంటారు కాబట్టి ఆ పేరు.

ఈ మూడు పేర్లను తమాషాగా చెప్పుకొని వదిలేయడం సులభం. అవి వర్ణనామాలు కావు, ఒక సిద్ధాంతం. పాఠ్యగ్రంథాల్లోని పేరు కెమెరా ఎంత ఎత్తున ఉందో మాత్రమే చెబుతుంది. ఈ పేర్లు చూసేవారికీ చూడబడేవారికీ మధ్య ఉన్న అధికార సంబంధాన్ని చెబుతాయి. సినిమా అధ్యయనాల్లో చూపు, అధికారం గురించి పెద్ద గ్రంథాలు చేసే వాదాన్ని ఒక్కొక్క మాటలో పట్టుకున్నాయి. పైగా కులం, భూమి అన్న ఇక్కడి వాస్తవాలను వదలకుండా పట్టుకున్నాయి.

ఇక్కడే నైపుణ్య పట్టిక పరిమితి బయటపడుతుంది. ఈ మహిళల అనుభవం ప్రధానంగా ఆంగ్ల పరిశోధనలోకి వెళ్ళింది. ఆంగ్లంలోకి వెళ్ళేటప్పుడు వారి మాట అనువాదమవుతుంది. అనువాదమైన మాట అక్కడ భాగస్వామ్యం, సాధికారత, ప్రత్యామ్నాయ ప్రజావేదిక అన్న భావనలకు ఉదాహరణగా నిలుస్తుంది. ఆ భావనలు తిరిగి తెలుగు తరగతిగదికి వచ్చేటప్పుడు వాటి ఆంగ్లనామాలతో, లేదా వాటికి చేసిన సంస్కృతానువాదాలతో వస్తాయి. జహీరాబాద్ నుంచి వెళ్ళిన మాట జహీరాబాద్ విద్యార్థికి పరభాషలో తిరిగి చేరుతుంది. డిగ్రీ తరగతిలో దృశ్యభాష బోధించే అధ్యాపకుడు 'పటేల్ షాట్' అన్న మాటను వాడితే వివరణ అవసరమే ఉండదు. ఆ మాట పాఠ్యగ్రంథంలో లేనందువల్ల ఆయనకు ఆ అవకాశం లేదు.

దీనికి ఒక సమాధానం చెప్పవచ్చు. ఆంగ్లంలో రాసినందువల్లనే ఢిల్లీలోని విధాన నిర్ణేతలకు, అంతర్జాతీయ సంస్థలకు ఆ వాదం చేరింది, అందువల్లనే మహిళలకు అనుమతిపత్రం దక్కే వాతావరణం ఏర్పడింది అన్నది ఆ సమాధానం. అది బలమైనది, చాలావరకు సత్యమైనది కూడా. పరిశోధన ఫలితం సమాజానికి తిరిగి రాలేదని ఎవరూ అనలేరు. అది అనుమతి రూపంలో, హక్కు రూపంలో వచ్చింది. పరిభాష రూపంలో రాలేదు. హక్కు సాధించిన తరువాత ఆ హక్కు అర్థాన్ని తమ భాషలో చర్చించుకొనే శాస్త్రం కూడా కావాలి. మొదటి పని పూర్తయింది కాబట్టి రెండవ పని అనవసరం అనే వాదం చెల్లదు.

7. చాటింపు, ముచ్చట

కమ్యూనికేషన్ అన్న మాటకు తెలుగులో స్థిరమైన సమానార్థకం లేకపోవడం యాదృచ్ఛికం కాదు. 'భావప్రసారం', 'సమాచార వినిమయం', 'ప్రసార మాధ్యమాలు' అన్న అనువాదాలు వాడుకలో ఉన్నాయి. వీటిలో ఎక్కువచోట్ల 'ప్రసారం' కనిపిస్తుంది. ఒకచోటి నుంచి అనేకచోట్లకు వ్యాపించడం దాని అర్థం. వార్త ఎవరు, ఎవరికి, ఏ మార్గంలో, ఏ ఫలితంతో పంపుతున్నారన్న లాస్‌వెల్ ప్రశ్నకు ఆ మాట సరిపోతుంది. 1975లో జేమ్స్ కేరీ ఒక ప్రసిద్ధ వ్యాసంలో కమ్యూనికేషన్‌ను సందేశ రవాణాగా చూసే దృష్టినీ, సమాజాన్ని నిలబెట్టే పంచుకోలుగా చూసే దృష్టినీ వేరుచేశాడు. 'ప్రసారం' అన్న అనువాదం ఆ రెండింటిలో మొదటిదాన్నే ఎంచుకొని కూర్చుంది. విద్యార్థి శాస్త్రంలో అడుగుపెట్టక ముందే ఆ మాట అతని తరఫున ఒక సిద్ధాంతాన్ని ఎంచుకుంది.

తెలుగు వాడుక ఈ విషయంలో మరింత సూక్ష్మంగా ఉంది. 'చాటింపు' వేరు, 'ముచ్చట' వేరు. చాటింపు ఒకరి నుంచి అందరికీ వెళుతుంది. దానికి ఎదురుమాట లేదు. చాటింపు వేసే డప్పు కళాకారుడు గ్రామంలో అట్టడుగు కులానికి చెందినవాడు, అతని నోట వచ్చే మాట మాత్రం పెత్తందారుది. ముచ్చట ఇద్దరి మధ్య, పదిమంది మధ్య సాగుతుంది. అందులో వినేవారికి మాట్లాడే హక్కు ఉంటుంది. పర్షియన్, అరబ్బీ మూలాల నుంచి ఉర్దూ ద్వారా వచ్చిన 'కబురు' మనిషి మోసుకెళ్ళేది. 'వార్త' అన్న మాటకు కౌటిలీయంలో వ్యవసాయం, పశుపాలనం, వాణిజ్యం అన్న అర్థం ఉంది. జీవిక విద్య పేరే తెలుగులో సమాచారానికి పేరైంది. ఈ మాటలన్నింటి చరిత్రను ఒకచోట చేర్చితే తెలుగు సమాజం మాటల మార్పిడిని ఎన్ని రకాలుగా విభజించుకుందో తెలుస్తుంది.

ఈ దృష్టితో చూస్తే సంఘం రేడియో సాధించినదానికి స్పష్టమైన వివరణ దొరుకుతుంది. తరతరాలుగా పరుల చాటింపును మోసిన సమూహపు స్త్రీలు తమ ముచ్చటను తామే గాలిలోకి పంపారు. 'ప్రత్యామ్నాయ ప్రజావేదిక' అన్న అనువాదపదం చెప్పలేని కులచరిత్ర ఈ రెండు తెలుగు మాటల మధ్య ఉంది. తెలుగు పరిభాష కావాలన్న కోరిక భాషాభిమానం వల్ల మాత్రమే కలిగినది కాదనడానికి ఇది నిదర్శనం. సరైన మాట దొరికినప్పుడు విశ్లేషణే మెరుగుపడుతుంది.

8. నిబంధనలు గుర్తించే నైపుణ్యం

అధ్యాపక నైపుణ్యాన్ని నిర్ణయించేది శాఖ ఒక్కటే కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనల ప్రకారం సహాయాచార్య పదవికి సంబంధిత విషయంలో 55 శాతం మార్కులతో స్నాతకోత్తర పట్టా, జాతీయ లేదా రాష్ట్రస్థాయి అర్హత పరీక్ష లేదా పీహెచ్.డి. అవసరం. ఆ జాతీయ పరీక్షలో మాస్ కమ్యూనికేషన్, జర్నలిజం విషయపత్రం ఆంగ్లం, హిందీ భాషల్లో ఉంటుంది. తెలుగు పత్రికలపై, తెలుగు సినిమాపై, తెలుగు రేడియోపై అధ్యయనం చేయదలచిన తెలుగు మాధ్యమ విద్యార్థి ఆ జాతీయ పరీక్షలో ఆ రెండింటిలో ఒక భాషలోనే తన అర్హతను నిరూపించుకోవాలి. సాహిత్య విద్యార్థికి తెలుగులో రాసే అవకాశం ఉంది. మాధ్యమ విద్యార్థికి ఆ పరీక్షలో లేదు.

వృత్తి అనుభవానికి చోటు కల్పించడానికి 2022లో 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' మార్గదర్శకాలు వచ్చాయి. తమ రంగంలో కనీసం 15 సంవత్సరాల అనుభవం ఉన్నవారిని విద్యార్హతల నియమం లేకుండా నియమించుకోవచ్చు. ఇటువంటి నియామకాలు మంజూరైన పదవుల్లో 10 శాతానికి మించరాదు. మొత్తం కాలవ్యవధి నాలుగేళ్ళు దాటరాదు. మంచి ప్రయత్నమే. అయితే అది వృత్తినిపుణుణ్ణి అతిథిగా పిలుస్తుంది. నాలుగేళ్ళలో ఒక అనుభవజ్ఞుడైన ఉపసంపాదకుడు శిక్షణ ఇవ్వగలడు, సిద్ధాంతాన్ని నిర్మించి, పరిశోధకులను తీర్చి, ఒక పాఠశాలను నిలబెట్టలేడు. వృత్తిజ్ఞానం శిక్షణకే, శాస్త్రజ్ఞానం పరిశోధనకే అన్న పాత విభజన కొత్త పేరుతో కొనసాగుతుంది.

బి.ఎ., బి.ఎల్. చదివిన సురవరం ప్రతాపరెడ్డి నేడు ఉంటే జర్నలిజం శాఖలో సహాయాచార్య పదవికి అర్హుడు కాడు. నాలుగేళ్ళ అతిథి పదవికి అర్హుడవుతాడు. ఆయన పేరును తెలంగాణ ప్రభుత్వం తెలుగు విశ్వవిద్యాలయానికి పెట్టింది. ఒక సంపాదకుని పేరు విశ్వవిద్యాలయం ముఖద్వారం మీద ఉండటం సముచితం. ఆయన వంటివారి జ్ఞానానికి పాఠ్యప్రణాళికలో, అధ్యాపక పట్టికలో ఏ చోటు ఉందన్న ప్రశ్నను ఆ పేరే లేవనెత్తుతుంది.

9. చేయదగిన పనులు

పై పరిశీలన నుంచి కొన్ని ఆచరణీయ సూచనలు చేయవచ్చు. వీటిలో అధికభాగానికి కొత్త నిధులు గాని, చట్టసవరణలు గాని అవసరం లేదు.

మొదటిది, అధ్యాపకుల ప్రత్యేకాధ్యయన వివరాల్లో అధ్యయనరంగంతోపాటు వారు పనిచేసే భాషను, ఉపయోగించే మూలాధారాలను, కలిసి పనిచేసిన సమూహాలను పేర్కొనాలి. 'సమాజ మాధ్యమాలు' అన్న రెండు మాటలకు బదులు ఏ ప్రాంతంలో, ఏ భాషలో, ఎవరితో అన్న వివరం ఉంటే పరిశోధకునికి సరైన దారి దొరుకుతుంది.

రెండవది, పత్రికాభాష, ప్రసారభాష, సినిమా సంభాషణ వంటి అంశాలపై పీహెచ్.డి. చేసేవారికి తెలుగుశాఖ నుంచి ఒకరు, కమ్యూనికేషన్ శాఖ నుంచి ఒకరు పర్యవేక్షకులుగా ఉండాలి. ఒకే ప్రాంగణంలో ఉన్న రెండు శాఖలకు ఇది కష్టసాధ్యం కాదు. ప్రెస్ అకాడమీ డిజిటలీకరణ చేయించిన పాత తెలుగు పత్రికల సంపద ఇద్దరికీ సమానాధారం.

మూడవది, ఆంగ్లంలో సమర్పించే ప్రతి మాధ్యమ సిద్ధాంతగ్రంథానికి విస్తృతమైన తెలుగు సంగ్రహం జతపరచాలి. అందులో పరిశోధకుడు వాడిన పరిభాషకు తెలుగు రూపాలు, క్షేత్రంలో సమాచారం ఇచ్చినవారు వాడిన అసలు మాటలు ఉండాలి. ఇలా పోగయ్యే పదాలే కాలక్రమంలో మాధ్యమ వృత్తిపదకోశం అవుతాయి. వ్యవసాయానికి, చేనేతకు ఆ పని చేసిన సంప్రదాయం తెలుగులో ఇప్పటికే ఉంది. ఉపసంపాదకుల బల్ల, రేడియో స్టూడియో, సినిమా సంకలన గది, కేబుల్ ప్రసార కార్యాలయం, గ్రామీణ విలేకరి సంచి అన్నింటిలోనూ సేకరించవలసిన మాటలు ఉన్నాయి. ముద్రణాలయాల్లో సీసపు అక్షరాలు కూర్చిన తరం మాటలు ఆ తరంతోపాటే పోతున్నాయి కాబట్టి ఇది ఆలస్యం చేయదగిన పని కాదు.

నాలుగవది, పరిశోధనలో భాగస్వాములైన సమూహాలకు ఆ పరిశోధన వారి భాషలో అందాలి. నివేదిక చదవలేనివారికి శ్రవ్యరూపంలో అందించవచ్చు. రేడియో నడిపే మహిళల గురించి రాసిన అధ్యయనం రేడియోలో వినిపించడం కంటే సముచితమైన సమీక్ష మరొకటి ఉండదు. నిపుణుల సమీక్ష అన్న మాటలో ఆ నిపుణులు ఎవరన్నది అక్కడ తేలుతుంది.

10. ముగింపు

తెలుగునేలపై కమ్యూనికేషన్ అధ్యయనానికి నిపుణుల కొరత లేదు. ఉస్మానియా సంప్రదాయం వృత్తినిపుణులను ఇచ్చింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం సిద్ధాంతాన్ని సమాజంతో ముడిపెట్టిన పరిశోధకులను ఇచ్చింది. పత్రికాసంస్థల పాఠశాలలు భాషానిపుణులను తయారుచేశాయి. మాచునూరు మహిళలు తమ అనుభవం నుంచి పరిభాషను సృష్టించారు. ఈ నాలుగు ధారలూ ఒకదాన్నొకటి ఎరుగకుండా ప్రవహిస్తున్నాయి. వాటిని కలపగలిగినది తెలుగు. అయినా అధ్యాపక నైపుణ్య పట్టికల్లో తెలుగు కేవలం పరిశోధన జరిగే ప్రాంతపు భాషగా ఉంది, పరిశోధన ఆలోచించే భాషగా లేదు.

ఆంగ్లంలో రాయడం మానుకోవాలన్నది ఈ పరిశీలన సారాంశం కాదు. ప్రపంచంతో మాట్లాడే భాష ఒకటి ఉండాలి. అధ్యయనానికి ఆధారమైన ప్రజలతో మాట్లాడే భాష కూడా ఉండాలి. మొదటిదాన్ని మాత్రమే లెక్కించే పట్టిక కమ్యూనికేషన్ శాఖను చాటింపు వేసే చోటుగా మారుస్తుంది. రెండవదాన్ని కూడా అర్హతగా చేర్చినప్పుడు జహీరాబాద్ నుంచి వచ్చిన విద్యార్థి తన పర్యవేక్షకుని ఎదుట 'సంఘం షాట్' అన్న మాటను వివరణ లేకుండా, సంకోచం లేకుండా తన సిద్ధాంతగ్రంథంలో వాడగలుగుతాడు.